ఇసుక బస్తాలతో చేసిన ట్రయల్

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఊరి బయటికి తరలిపోయిన మరుసటి ఏడాది, మే నెల మొదటి వారంలో నాకు ఒక ఉత్తర్వు వచ్చింది. ఎల్.బి.నగర్ దాటాక విజయవాడ దారిలో ఒక షెడ్డులో వరద సహాయక పడవ తయారవుతోంది, దాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి అని. అప్పటికి నా పదవీ విరమణకు నాలుగు నెలలుంది. నా హోదా సీనియర్ సర్వేయర్. భూములు కొలిచే సర్వేయర్‌ని కాను. నదుల్లో, జలాశయాల్లో తిరిగే పడవలను తనిఖీ చేసి, ఇది ఇంతమందిని ఎక్కించుకుని ఇంత వేగంతో నడవవచ్చు అని సంతకం పెట్టేవాడిని. దిల్‌సుఖ్‌నగర్‌లో పదిహేనేళ్లు కాపురమున్నా మా వీధిలో ఈ సంగతి ఎవరూ నమ్మలేదు. "గీడ సముద్రం ఏడుంది సార్?" అని పాల బూత్ అతను ప్రతి రెండు నెలలకోసారి అడిగేవాడు.

సముద్రం అక్కరలేదు. అంతకు ముందు వానాకాలాల్లో చెరువు కింది కాలనీలు మునిగినప్పుడు, రబ్బరు పడవలు ప్రవాహానికి ఎదురు పోలేక గోడలకు కొట్టుకున్నాయి. పైగా వాటి మీద ముసలివాళ్లు నిలబడలేకపోయారు. అందుకని ఈసారి కాటమరాన్ కావాలని సహాయ దళం వారు కోరారు. పేరు మన తూర్పు తీరపు కట్టుమరం నుంచి వెళ్లిందే, రూపం మాత్రం వేరు. నీటి మీద తేలే డొల్ల భాగాన్ని మేము హల్ అంటాం. మామూలు పడవకు అది ఒకటే. కాటమరాన్‌కు సన్నటివి రెండు, పక్కపక్కన, మధ్య ఖాళీ. ఆ ఖాళీ మీద చదునైన తట్టు, అంటే మనుషులు ఎక్కి నిలబడే డెక్. అడుగు వెడల్పుగా పరుచుకోవడం వల్ల పడవ నిలకడగా ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ మధ్య ఖాళీలోకి దూరిన గాలి పడవను కాస్త పైకి లేపుతుంది, నీటి రాపిడి తగ్గుతుంది. పందేల్లో దూసుకుపోయే జంట హల్ పడవల రహస్యం కూడా అదే.

పడవ కట్టినతను యాదగిరి. హయత్‌నగర్ పక్క పల్లెవాడు, యాభై దాటినవాడు, పాతికేళ్లుగా లారీలకు బాడీలు కడుతున్నాడు. అల్యూమినియం వెల్డింగులో అతని చేయి చూస్తే ముచ్చటేసింది. అతుకు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడా తగల్లేదు. నేను మొహమాటానికి మెచ్చుకునే మనిషిని కాను. ఆ రోజు మెచ్చుకున్నాను.

పడవ వెనుక గోడకు ఒక్కో హల్‌కు ఒక్కోటి చొప్పున రెండు అవుట్‌బోర్డ్ ఇంజిన్లు తగిలించారు. ఇంజిన్, గేర్లు, ప్రొపెల్లర్ అన్నీ ఒకే కాడకు ఉండి, గోడకు బోల్టులతో బిగించే రకం. ఆ బోల్టులకు కింది నుంచి పైకి వరుసగా రంధ్రాలుంటాయి. ఇంజిన్‌ను ఒక రంధ్రం పైకెత్తి బిగిస్తే నీటిలో మునిగే కాడ తగ్గి వేగం పెరుగుతుంది. ఎక్కువ ఎత్తితే ప్రొపెల్లర్ నీటి మట్టానికి దగ్గరై పైనుంచి గాలి మింగుతుంది. గాలి మింగిన ప్రొపెల్లర్ బురదలో దిగిన లారీ చక్రం వంటిది. గిరగిర తిరుగుతుంది, బండి కదలదు. ఇంజిన్ మాత్రం భారం లేక ఒక్కసారిగా అరుస్తుంది.

నిండు బరువుతో గంటకు యాభై కిలోమీటర్లు రావాలన్నది కొనుగోలు షరతు. మొదటి పరుగులో రాలేదు. యాదగిరి రెండు ఇంజిన్లనూ ఒక రంధ్రం పైకెత్తాడు. దాచి చేసింది కాదు, నాకు చూపించే చేశాడు. "ఒక్క బొక్క ఎక్కిస్తే ఏమైతది సారూ, బుక్కులనే రాసుంది గద" అన్నాడు. నిజమే, ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలో అనుమతించిన హద్దులోనే ఉంది. నేను కొలిచి ఒప్పుకున్నాను.

తరువాత అధికారిక ట్రయల్. నగర శివారులో ఒక జలాశయం దగ్గర పెట్టుకున్నాం. పడవ సామర్థ్యం పది మంది. డ్రైవర్ పోను తొమ్మిది మంది బరువు కావాలి. ఆ రోజు సహాయ దళంలో ఖాళీగా ఉన్న మనుషులు దొరకలేదు. యాదగిరి తన షెడ్డు నుంచి ఇసుక బస్తాలు తెచ్చాడు. లారీ బాడీ వాళ్లకు అదే అలవాటు. తొట్టి ఎంత మోస్తుందో చూడాలంటే ఇసుక నింపి చూస్తారు. మా నిబంధనల్లో కూడా మనుషులకు బదులు బరువులు పెట్టవచ్చు అని ఉంది. తూకం వేయించి, తొమ్మిది మంది బరువుకు సరిపోయేలా బస్తాలను పడవ తట్టు మీద వరుసగా పరిపించాను. నేను ఎక్కితే లెక్క మించుతుంది. అదీగాక పడవ ఎంత మునిగిందో బయటి నుంచే తెలుస్తుందని గోదావరి లాంచీల రోజుల నుంచీ నా నమ్మకం. నేను గట్టు మీద స్టాప్‌వాచీతో నిలబడ్డాను. పడవలో డ్రైవర్ సైదులు ఒక్కడే ఉన్నాడు.

సైదులు సహాయ దళం డ్రైవర్. మితభాషి. పడవ స్టీరింగు పట్టుకుంటే అతని భుజాలు కదలవు, మణికట్లు మాత్రమే కదులుతాయి. వేగం వచ్చింది. ఆపితే ఎంత దూరంలో ఆగుతుందో చూశాం, సరిపోయింది. చివరగా పూర్తి వేగంలో కుడికి మూడు మలుపులు, ఎడమకు మూడు మలుపులు తిప్పించాను. పడవ గీత గీసినట్లు తిరిగింది. నా ఛాతీ కాస్త ఉబ్బింది కూడా.

గట్టుకు వచ్చాక సైదులు నా దగ్గరికి వచ్చి చెప్పాడు. "సార్, ఎడమకు కొట్టినప్పుడు ఎడమ ఇంజిన్ జర అరుస్తుంది. ఎనక భాగం గుంజినట్టు అయితుంది."

"మీటరు ఎంత చూపించిందయ్యా?" అని అడిగాను.

"మీటర్ చూడలే సార్. మలుపుల నా కండ్లు నీళ్ల మీదుంటయి."

మా ట్రయల్ పుస్తకంలో గడులుంటాయి. వేగం, ఇంజిన్ చుట్లు, ఉష్ణోగ్రత, కాలం. అన్నీ అంకెలు. అరుపుకు గడి లేదు. కొత్త ఇంజిన్ కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందిలే అన్నాను. అతను ఇంకోసారి చెప్పబోయి, నా పెన్ను కదలకపోవడం చూసి ఊరుకున్నాడు. "మలుపులు: సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను.

జూన్ రెండో వారంలో దళం వారు పెద్దల ముందు పడవను నడిపి చూపించారు. ఆ రోజు నేను లేను. సైదులు నడిపాడు, తొమ్మిది మంది సభ్యులు లైఫ్ జాకెట్లతో ఎక్కారు. నిజమైన సహాయక చర్యలో ఎలా ఉంటారో అలాగే సగం మంది నిలబడ్డారు. ట్రయల్లో తిప్పిన వేగంతోనే సైదులు ఎడమకు తిప్పాడు. పడవ ఒక్కసారిగా అనుకున్నదానికన్నా చిన్న వంపులో తిరిగింది. కుడి అంచున నిలబడ్డ నరేష్ అనే సభ్యుడు నీళ్లలో పడ్డాడు. పడవ వెనుక భాగం అదే వైపుకు విసురుగా వచ్చింది. కుడి ప్రొపెల్లర్ అతని పాదాన్ని పట్టుకుంది. ఎల్.బి.నగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం నిలిచింది, చీలమండ కింది భాగం నిలవలేదు.

నరేష్ దళంలో అందరికన్నా మంచి ఈతగాడు. నేను ఆసుపత్రికి వెళ్లినప్పుడు మత్తులో ఉన్నాడు. గది బయట యాదగిరి కుర్చీలో కాక నేల మీద కూర్చుని ఉన్నాడు. "నా వెల్డింగ్ ఇడిసిందా సారూ?" అన్నది అతని మొదటి ప్రశ్న. లేదన్నాను. వెల్డింగ్ విడవలేదని నాకు తెలుసు, ఏం జరిగిందో కూడా సగం తెలుసు.

విచారణ మొదలైంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్లన్నీ సైదులు దోసిట్లోనే పడ్డాయి. పడవకు ధ్రువపత్రం ఉంది, ఇంజిన్ ఎత్తు హద్దులోనే ఉంది, కాబట్టి తప్పు నడిపినవాడిది, దూకుడుగా తిప్పాడు. అతన్ని విధుల నుంచి తప్పించి, పడవ నడిపే లైసెన్సు తీసి పెట్టుకున్నారు. ఎడమ ఇంజిన్ అరుస్తోందని ట్రయల్ రోజే సర్వేయర్ గారికి చెప్పానని అతను రాతపూర్వకంగా చెప్పాడు. నన్ను వివరణ అడిగారు. "ట్రయల్ పుస్తకంలో అటువంటి లోపమేదీ నమోదు కాలేదు" అని రాసిచ్చాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. రాసినవాడి ఉద్దేశం మాత్రం అబద్ధమే. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

పై అధికారి అనుమతి తీసుకుని మళ్లీ ట్రయల్ కోరాను, ఈసారి మనుషులతో. దళం వాళ్లు మేము ఎక్కం అన్నారు, వాళ్లను తప్పుపట్టలేను. యాదగిరి తన వెల్డర్లు ఏడుగుర్ని తీసుకుని వచ్చాడు. "మేం కట్టినం, మేమే కూసుంటం" అన్నాడు. నేను స్టీరింగు పక్కన కూర్చున్నాను. విచారణ అధికారి అనుమతితో సైదులే నడిపాడు. అందరం కూర్చుని, తాళ్లు పట్టుకుని, సగం కన్నా కాస్త ఎక్కువ వేగంతో ఎడమకు తిరిగాం.

మామూలు పడవ మలుపులో లోపలికి వాలుతుంది, సైకిల్ వాలినట్లు. కాటమరాన్ వాలదు. చదునుగానే తిరుగుతుంది, లోపలి మనుషులు బయటి వైపుకు ఒరుగుతారు. ఇసుక బస్తాలు తట్టుకు అంటుకుని కదలకుండా పడుకున్నాయి. మేము తొమ్మిది మందిమీ కుడికి ఒరిగాం. మా బరువుకు కుడి హల్ దిగింది, ఎడమ హల్ లేచింది. ఒక రంధ్రం పైకెత్తిన ఎడమ ప్రొపెల్లర్ గాలి మింగింది. ఇంజిన్ కెవ్వుమంది. ఎడమ నెట్టుడు పోయి కుడి ఇంజిన్ ఒక్కటే నెట్టడంతో పడవ ఎడమకు ఇంకా మెలి తిరిగింది, వెనుక భాగం కుడికి గుంజింది. సైదులు వెంటనే వేగం తగ్గించాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం కూడా లేదు, అది ఉన్నా బాగుండేది.

విచారణ తుది రోజున అధికారి ట్రయల్ పుస్తకం నా ముందు తెరిచి పెట్టారు. సైదులు గోడవారగా నిలబడి ఉన్నాడు. చెప్పానంటున్నాడు, పుస్తకంలో లేదు, మీరేమంటారు అని అడిగారు. ఒక్క క్షణం తటపటాయించానని రాస్తే మర్యాదగా ఉంటుంది కానీ అది నిజం కాదు. పది రోజులుగా తటపటాయిస్తూనే ఉన్నాను. విరమణకు రెండు నెలలుంది, ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు.

"చెప్పాడండి. నేను రాయలేదు" అన్నాను.

అధికారి పెన్ను ఆపి, ఎందుకు రాయలేదని అడిగారు. అతను అంకె చెప్పలేదని రాయలేదన్నాను. పైకి వింటుంటే ఎంత పనికిమాలిన కారణంగా ఉందో నాకే తెలిసింది. ఇసుకను తట్టు మీద పరిపించింది నేనే, బస్తాలు ఒరగవన్న సంగతి ఆలోచించనిది నేనే, గట్టు మీద ఉండిపోయింది నేనే అని కూడా చెప్పాను. అవన్నీ నమోదయ్యాయి.

సైదులుకు లైసెన్సు తిరిగి వచ్చింది. నాకు మందలింపు వచ్చింది, సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉంది. యాదగిరి ఇంజిన్లను మళ్లీ కిందికి దించాడు, అంచుల వెంట పట్టుకోవడానికి కడ్డీలు వేశాడు. యాభై కిలోమీటర్లు రాలేదు, షరతునే సవరించారు. నరేష్ ఇప్పుడు దళం ఆఫీసులో వైర్‌లెస్ దగ్గర కూర్చుంటాడు. అతన్ని చూడటానికి వెళ్లినప్పుడు, "సైదులన్న చెప్పిండట గద సార్, మరి ఎందుకు రాయలే?" అని మెల్లగా అడిగాడు. అధికారికి చెప్పిన జవాబే అతనికీ చెప్పాను. అతని ముందు కూర్చుని చెప్పడం ఎక్కువ కష్టమైంది. సైదులు నాకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు, అతనిది అతనికి తిరిగి వచ్చింది, అంతే.

మిగిలిన రెండు నెలల్లో మరో నాలుగు పడవలు తనిఖీ చేశాను. నాలుగింటిలోనూ మనుషులతోనే ట్రయల్ చేశాను, నేనూ ఎక్కాను. పుస్తకంలో మొదటి గడికి పైన, అచ్చు గీతల బయట, నడిపినవాడు చెప్పిన మాట అతని మాటల్లోనే రాసి, ఆ తరువాతే అంకెలు వేశాను. పడవ మీద చేతులున్నవాడికి తెలిసింది మీటరుకు తరువాత తెలుస్తుంది, గట్టు మీదివాడికి అందరికన్నా ఆఖరున తెలుస్తుంది. ఇది ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నేర్చుకోవలసిన పాఠం. నేను ఆఖరి ఏడాదిలో నేర్చుకున్నాను, నరేష్ పాదం పోయాక.