మోచేతి మీద రెండు నొక్కులు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే సరుకు చూపించమని అడిగే రకం నేను. రాయగడలో మాది బట్టల కొట్టు. నా చిన్నతనమంతా ఆ కౌంటరు మీద గడిచింది, ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళ వయసులో దాని వెనక గడుస్తోంది. రంగు పోదని ఎదుటివాడు ఒట్టు వేస్తుంటే, ఆ ఒట్టు పూర్తయ్యేలోపు అంచుని తడి వేలితో రుద్ది చూసేస్తాను. దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా సగానికి బేరమాడతానని మా ఆయన వెక్కిరిస్తాడు. అలాంటి నాకు జరిగింది ఇది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎక్కడైనా లొసుగు కనిపిస్తే మీరే పట్టుకోండి.

మా మేడ మీద గదిలో మేఘన అనే అమ్మాయి అద్దెకుంటోంది. ఇరవై నాలుగేళ్ళు. కోరాపుట్ వైపు ఒక ఫ్యాక్టరీ కాలనీలో పెరిగింది, వాళ్ళ నాన్న అక్కడ టెక్నీషియన్. భువనేశ్వర్‌లో ఉద్యోగం వదిలేసి, జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుని, మెడలో కెమెరా వేసుకుని తిరుగుతుంది. ఇవాళ పొట్టంగి అంటుంది, రేపెక్కడో దానికే తెలియదు. దాని ఫోన్ కలవకపోతే వాళ్ళమ్మ నాకు చేస్తుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా మేఘన నన్ను పిన్నీ అంటుంది. నాకు కూతుళ్ళు లేరు. మేడ మీద దాని అడుగుల చప్పుడు వినిపించని రోజు నాకు అన్నం సయించదు. ఈ మాట దానికి చెప్పలేదు. చెబితే అలుసైపోతాను.

మొన్న చలికాలంలో ఒక రోజు కొట్లోకి వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించింది.

"పిన్నీ, నిన్నెప్పుడు సూసినా ఈ బల్ల ఎనకాల సగం మనిషివే కనిపిస్తావు. ఒక్కసారి కొండ ముందు నిలబడు. లక్ష్మీపూర్ దగ్గర వలిసె పూలు విరగబూసేయి. పొద్దు పొడిచేటప్పుడు తీస్తాను."

వెంటనే షరతులు పెట్టాను. ఫోన్లో చూపించి ఊరుకుంటే కుదరదు, కాగితం మీద ఫోటో కావాలి. ఏది బాగుందో నేనే ఏరుకుంటాను. మధ్యాహ్నానికల్లా నన్ను కొట్లో దింపాలి. అన్నిటికీ సరేనంది. అడిగిన మొదటి మాటకే ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే మా ఇంట్లో పుట్టినవాళ్ళకి నిద్ర పట్టదు. ఈ పిల్లకి ఇందులో ఏం కలిసొస్తుందా అని ఆ రోజు నుంచే నాకు అనుమానం.

లక్ష్మీపూర్ అన్నందుకు కూడా కాస్త వెనకాడాను. దానికో కారణం ఉంది.

మా అమ్మ బట్టల మూటలు జీపులో వేయించుకుని లక్ష్మీపూర్ సంతకి అమ్మకానికి వెళ్ళేది. సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని. మా ఇద్దరికీ ఒక గుర్తు ఉండేది. ఏదైనా కొనేటప్పుడు బేరం ఆడేది నేను, వెనక నిలబడేది అమ్మ. నా మోచేతి మీద బొటనవేలితో ఒకసారి నొక్కితే, నడిచిపో, వాడే పిలుస్తాడని. రెండుసార్లు నొక్కితే, చాలు, ఒప్పేసుకో అని. ఈ సంగతి నాన్నకి తెలియదు, అన్నయ్యకి తెలియదు. అమ్మ పోయాక నేను ఎవరికీ చెప్పలేదు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ సంతకి వెనక కట్టే నెమలి బొమ్మ పరదాతో ఒక ఫోటోలాయన వచ్చాడు. ఎప్పుడూ ఏదీ అడగని అమ్మ ఆ రోజు అడిగింది.

"అమ్మీ, ఒక పోటో దిగుదునేటే?"

నేను రంగంలోకి దిగాను. అదే ధరకి ఇంకో కాపీ కలిపి ఇవ్వాలన్నాను. అతను ఇవ్వనన్నాడు. మోచేతి మీద అమ్మ రెండుసార్లు నొక్కింది. తెలిసింది నాకు. అయినా నడిచాను. పిలుస్తాడని నా ధీమా. పది అడుగులు వేశాను, ఇరవై వేశాను. పిలవలేదు. తిరిగి చూస్తే నెమలి ముందు ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

"పోన్లేయే, వచ్చే సంతకి దిగుదుం" అని అమ్మ నవ్వేసింది. వచ్చే సంతకి ఆమెకి జ్వరం. ఆ జ్వరంతోనే పోయింది.

మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు. ఓటు కార్డుకి ఫోటోలు తీసిన రోజు ఆమె సంతలో ఉంది. అన్నయ్య పెళ్ళి ఆల్బమ్‌లో, ఒకే ఒక్క ఫోటోలో, అక్షింతలు వేస్తున్న ఆమె చెయ్యి పడింది. మిగతా మనిషి మా పెద్దమ్మ భుజం వెనక ఉండిపోయింది. కొట్లో నాన్న ఫోటో పక్కన ఒక మేకు కొట్టి ఉంది. దానికి ఇంతవరకూ ఏదీ తగిలించలేదు. ఈ మధ్య అమ్మ ముఖం నాకే సరిగ్గా గుర్తు రావడం లేదు. ముక్కు గుర్తొస్తే కళ్ళు జారిపోతాయి.

ఇవేవీ మేఘనకి తెలియవు.

ముందురోజు సాయంత్రమే లక్ష్మీపూర్ చేరి, మా ఆయన చుట్టాలింట్లో పడుకున్నాం. తెల్లవారుతుండగా స్కూటీ మీద చేను దగ్గరికి వెళ్ళాం. కొండవాలు అంతా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు. కింద లోయలో మంచు. నన్ను గట్టు మీద నిలబెట్టి కొంగు సర్దింది.

"చీరలన్నీ విప్పించి కొనకుండా ఎల్లిపోయినోళ్ళని సూసినట్టు నన్ను సూడకు పిన్నీ. నవ్వు."

ఎండ కొండ అంచు దాటి వచ్చింది. మేఘన కెమెరాకి కన్ను ఆనించి, మామూలు గొంతుతోనే అంది:

"పిన్నీ, ఎనకాల ఉన్నావిడని కాస్త పక్కకి జరగమను."

తిరిగి చూశాను. గట్టు, పూలు, మంచు. ఎవరూ లేరు. ఆట పట్టిస్తోంది అనుకున్నాను. నన్ను ఉలిక్కిపడేలా చేసి ఆ ముఖాన్ని ఫోటో తీసే ఎత్తు అయ్యుంటుంది. నేను చలించకుండా నిలబడ్డాను.

"సర్లే, ఉండనీ. బాగుంది. ఇద్దరూ అలాగే ఉండండి."

టపటపా తీస్తూనే ఉంది. కాసేపటికి నవ్వింది.

"ఆవిడే నవ్వుతోంది, నీకేటి కష్టం?"

"ఎవతే ఆవిడ?" అన్నాను, ఈసారి గట్టిగా.

కెమెరా దించింది. నా వైపు చూసింది, నా పక్కన చూసింది, అటూ ఇటూ చూసింది. గబగబా గట్టెక్కి నా వెనక వాలులోకి దిగి వెతికింది. చేను పనికి వచ్చిన మనిషి అనుకుందట. తిరిగి వచ్చేసరికి దాని పెదాలు పాలిపోయి ఉన్నాయి. గట్టు మీద గడ్డి నిండా మంచు నీళ్ళు. అడుగు పడిన చోటల్లా తడి చెదిరి గడ్డి నల్లగా కనిపిస్తోంది. వంగి చూశాను. నా అడుగులు, దాని అడుగులు. మూడో మనిషివి లేవు.

నాకు ఏమీ వినిపించలేదు, ఏమీ తగలలేదు. చలి తప్ప.

బస్టాండు దగ్గర టీ తాగుతూ, ఎలా ఉందో చెప్పమన్నాను. పొట్టి మనిషి, నేత చీర, నా వెనక ఎడంపక్కన నిలబడిందట.

"నీ మోచెయ్యి పట్టుకుంది. బొటనేలుతో ఇలా, ఇలా అంది" అని నా మోచేతి మీద నొక్కి చూపించింది. రెండుసార్లు.

నేను బిస్కెట్టు తిరిగి ప్లేట్లో పెట్టేశాను.

రాయగడ వచ్చేదాకా ఒకటే ఆలోచన. ఈ గుర్తు దీనికి ఎవరు చెప్పారు? ఒకసారి కొల్నార సంతలో వంకాయలు కొన్నప్పుడు అది నా పక్కనే ఉంది. పాత అలవాటు కొద్దీ నేనే దాని చెయ్యి నొక్కానా? నొక్కలేదనే అనుకుంటున్నాను, కానీ ప్రమాణం చెయ్యలేను. నాకు కనబడిన లొసుగు అదొక్కటే.

రెండు రోజుల తర్వాత ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లో కొట్టుకి తెచ్చింది. ఒక్కదానిలోనూ రెండో మనిషి లేదు. కానీ ఏ ఫోటోలోనూ నేను మధ్యలో లేను. ఒక అంచుకి జరిగి ఉన్నాను, నా పక్కన ఇంకొకరు పట్టేంత చోటు. ఇద్దరి కోసం తీసిన ఫోటోలు అవి. మూడింట్లో నేను మసకగా ఉన్నాను, నా పక్కన ఖాళీలో ఉన్న పూలు మాత్రం రేకు రేకూ స్పష్టంగా ఉన్నాయి. కెమెరా ముఖాన్ని వెతికి పట్టుకుంటుందట, నన్ను వదిలి అటు ఎందుకు పోయిందో తనకి తెలియదంది. తర్వాత ఒక స్టూడియో అతనికి చూపిస్తే, ఒక్కోసారి అలా జరుగుతుందన్నాడు. మూడుసార్లా అంటే భుజాలెగరేశాడు.

నేను ఊరుకునే రకం కాదు కదా. ఉచ్చు పన్నాను. అన్నయ్య పెళ్ళి ఆల్బమ్ తెచ్చి, అమ్మ పోలికే ఉన్న మా పెద్దమ్మ మీద వేలు పెట్టాను.

"ఈవిడేనా?"

నాటకమైతే అవునని పట్టేసుకుంటుంది. అది వంగి చూసి తల అడ్డంగా ఊపింది.

"కాదు పిన్నీ. పోలికుంది గానీ, ఈవిడ కాదు." వేలు కాస్త పక్కకి జరిపింది. "ఈ సెయ్యి. ఈ సెయ్యే."

అక్షింతలు వేస్తున్న చెయ్యి. కత్తెర పట్టి పట్టి బొటనవేలు కణుపు దగ్గర బయటికి వంగిపోయిన చెయ్యి.

అప్పుడు నేను ఏడ్చి ఉంటే బాగుండేది. అరిచాను. ఎవరు చెప్పారు నీకు, అన్నయ్యతో మాట్లాడావా, ఈ నాటకం ఎందుకు ఆడుతున్నావని కొట్లో మనుషులున్నారని కూడా చూడకుండా అడిగేశాను.

అది ల్యాప్‌టాప్ మూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నీతో అబద్ధం ఆడితే నాకేటి వస్తాది పిన్నీ? నువ్వే సెప్పు. రేపు పొద్దున్న పొట్టంగి ఎల్లిపోతన్నాను. గది కూడా కాళీ సేసేస్తాను."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి నడిచింది. నేను కౌంటరు వెనక నిలబడి చూస్తున్నాను. తనే ఆగుతుందిలే అనుకున్నాను. పది అడుగులు. మందుల కొట్టు దాటింది. ఇరవై.

అప్పుడు నా మోచేతి దగ్గర ఏదో తగిలింది. కొంగు కావచ్చు, ఫ్యాను గాలికి ఆడిన బట్టల తాను అంచు కావచ్చు. ఒకసారో రెండుసార్లో నిజంగా చెప్పలేను. లెక్కపెట్టే స్థితిలో లేను.

"అమ్మీ!" అని వీధి మొత్తం వినబడేలా పిలిచాను. చెప్పుల్లేకుండా మెట్లు దిగాను. అది ఆగింది.

పొట్టంగి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మేడ మీద చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ తెల్లవారుజామున అది ఎవరిని చూసిందో నాకు తెలియదు. దానికీ తెలియదు. అన్నయ్యని అడిగాను, ఎప్పుడూ దానితో మాట్లాడలేదన్నాడు. కొల్నార వంకాయల సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, అదే అయ్యుంటుందని సర్దిచెప్పుకుంటాను. మరి ఆ చెయ్యి? అక్కడికొచ్చేసరికి నా తెలివి ఆగిపోతోంది.

ఒక ఫోటో ఏరుకున్నాను, నేను మసకగా ఉన్నవాటిలోదే. కాగితం మీద వేయించి ఫ్రేము కట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. నా బేరాల సంగతి తెలిసినవాడు కనక ముందే దారి చూపించాడు.

"అక్కా, ఇటు సగం ఉత్త కాళీయే కదా. కోసేస్తే సిన్న ఫ్రేములో పడిపోద్ది. నీకూ కలిసొస్తాది."

కొయ్యొద్దన్నాను. పెద్దదే కట్టమన్నాను. ధర అడగలేదు.

అతను కత్తెర పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు.

"ఒంట్లో బాగానే ఉందా అక్కా?"