చప్పుడు చేయని బండికి బ్రేకు

నా పదవీ విరమణకు ముందు ఏడాది, మిరప కోతలు ముగింపుకొచ్చిన మార్చి నెలలో, చిలకలూరిపేటలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఉండగా నాకొక విచిత్రమైన డ్యూటీ పడింది. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లంటారు. లారీని నడిపించి, బ్రేకు వేయించి, ఎక్కడ ఆగిందో చూసి ఫిట్‌నెస్ ఇవ్వడం మా పని కనుక ఆ పేరు వచ్చింది. నేనెప్పుడూ దాన్ని చిన్నతనంగా అనుకోలేదు.

మార్టూరు వైపు కొత్తగా వేసిన బైపాసు ఇంకా ప్రారంభం కాలేదు. దాని మీద ఒక విదేశీ హైబ్రిడ్ సూపర్‌కారును ఇద్దరు రేసు డ్రైవర్ల చేత నడిపించి, వాళ్ళ అభిప్రాయం తీసుకుంటామని కంపెనీవాళ్ళు అనుమతి తెచ్చుకున్నారు. వెనక పెట్రోలు ఇంజను, ముందు చక్రాలకు కరెంటు మోటార్లు; రెండూ కలిస్తే వెయ్యి గుర్రాల శక్తి అన్నారు. శాఖ తరఫున పరిశీలకుణ్ణి నేను. డ్రైవరు పక్కన కూర్చోవాలి. రోడ్డు ఖాళీ అని వాకీటాకీలో నేను చెప్పాకే బండి కదలాలి. ఎవరి ప్రాణమైనా పోతే జవాబు చెప్పుకోవలసింది నేనే.

రోడ్డు ఖాళీ అనడం మా ప్రాంతంలో అంత తేలిక కాదు. బళ్ళు తిరగని తారు రోడ్డు కనిపిస్తే మా రైతుకు అది కళ్ళమే. బైపాసు పొడవునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బతిమాలీ కసిరీ వాటిని అంచులకు జరిపించాం. ఎవరైనా మళ్ళీ రోడ్డెక్కినా, కారు చప్పుడు వినపడగానే దిగిపోవాలని హోంగార్డులు కూలీలందరికీ చెప్పారు. వీళ్ళకు ఆ మాట చాలు. తలకింద గోతాం పెట్టుకుని తారు మీద కునుకు తీస్తూ కూడా, వచ్చేది లారీయో ట్రాక్టరో పోల్చుకుని, సమయానికి లేచి జరిగే మనుషులు.

ఉదయం పెట్రోలు ఇంజనుతో నందిని నడిపింది. హైదరాబాదు అమ్మాయి, మూడు పదులు దాటలేదు. ఆ మోతకు చేలల్లో కొంగలన్నీ లేచిపోయాయి. కూలీలు ఎప్పుడో దూరంగా వెళ్ళి నిలబడ్డారు. ఇంత మాట వినే బండిని తాను ఎక్కలేదని, తాను తిప్పాలనుకునేలోపే మలుపు తిరుగుతోందని ఆ అమ్మాయి మురిసిపోయింది.

రెండో డ్రైవరు సెల్వం, కోయంబత్తూరు మనిషి, రేసుల్లో తల పండినవాడు. నందిని తర్వాత కాసేపు నడిపి చూశాడు. అతనికి బండి నచ్చలేదు. పెడలు ఒకటే, బ్రేకులు రెండట. మొదట మోటారే బండిని వెనక్కి లాగుతుంది, తర్వాత అసలు బ్రేకు అందుకుంటుంది. ఒకటి వదిలి రెండోది పట్టే ఆ సందులో బండి తన చేతిలో ఉందో లేదో తెలియడం లేదన్నాడు. మీకు అనుమానం ఎక్కువండీ అని నవ్వేశాను.

మిట్టమధ్యాహ్నం, ఇంజను ఆపేసి, కేవలం కరెంటు మోటార్ల మీద అతని పరుగు. రెండు చివర్ల నుంచీ హోంగార్డులు సరేనన్నారు. నేను రోడ్డు ఖాళీ అన్నాను. బండి కదిలినట్టే లేదు, పొలాలే వెనక్కి జారిపోతున్నాయి. రేసులో వేగం చెవికే ముందు తెలుస్తుందని, ఇప్పుడు చెవి పోయినట్టుందని సెల్వం మెల్లగా అన్నాడు. మీటరు నూట నలభై చూపిస్తోంది. లోపల మా ఇద్దరి ఊపిరీ వినపడుతోంది.

ముందు ఎండమావి. అందులో ఒక ఎర్రచీర. నడుము దాకా మనిషి ఉంది, కింద కాళ్ళు లేవు. ఒకసారి కనిపిస్తోంది, అంతలో మాయమవుతోంది. మిట్టమధ్యాహ్నం చేలో ఒంటరిగా ఎవరైనా కనిపిస్తే కాళ్ళు చూశాకే పలకరించమని మా నాయనమ్మ అనేది. ఎండమావే కదా సార్ అన్నాడు సెల్వం. అవునన్నాను.

బండి ఆగిపోయింది. బెల్టు నా రొమ్ములో దిగబడింది. కారు ముక్కుకు జానెడు దూరంలో ఒక ముసలామె మా వైపు వీపు పెట్టి, వంగి తారు మీద కాయలు ఏరుకుంటోంది. ఆమె ఇంకా వెనక్కి తిరగనే లేదు.

ఆమె కోటమ్మ. తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, ఏరే కూలీ. రోడ్డు మీద మిగిలిపోయిన తాలు ఏరుకుందామని చేలోంచి అడ్డంగా వచ్చిందట. దిగి ఆమె మీద కేకలేశాను. ఆమె నన్నూ కారునూ మార్చి మార్చి చూసింది.

"చప్పుడొస్తే జరగమన్నారు గదయ్యా. చప్పుడేదీ?"

పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి చెల్లదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సెల్వం దిగి తారు మీదే కూలబడ్డాడు. "సార్, ఆ బ్రేకు నేను వెయ్యలేదు," అన్నాడు.

కంపెనీ ఇంజనీరు పరుగున వచ్చాడు. దానంతటదే బ్రేకు వేసుకునే ఏర్పాటును ఆ రోజు పరీక్ష కోసం ఆపేశామని, అలవాటు కొద్దీ డ్రైవరు కాలే వేసి ఉంటుందని చెప్పాడు. సెల్వం తన కుడికాలి వంక, అది ఇంకెవరిదో అన్నట్టు, చాలాసేపు చూశాడు.

కోటమ్మకు జాలేసింది. చావు తప్పింది తనకైతే, "బిడ్డ జడుసుకున్నాడు" అంటూ ఒళ్ళోని కాయలు గుప్పెట పట్టి అతనికి దిష్టి తీసి, చితుకులు అంటించి మంటలో వేసింది. కాయలు నల్లగా మాడిపోయాయి. ఒక్కరికీ దగ్గు రాలేదు. మిరపకాయ కాలితే వీధి వీధంతా దగ్గాలి. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదని మావాళ్ళంటారు. తాలు కాయకు ఘాటు తక్కువని నాకు తెలుసు. తెలిసినా ఆ మంట దగ్గర నిలబడలేక పక్కకు వచ్చేశాను.

నందిని అభిప్రాయం రెండు పేజీలు వచ్చింది, అంతా మెచ్చుకోలే. సెల్వం రెండే ముక్కలు రాసిచ్చాడు: "బండి చాలా మంచిది. దానికి నా అవసరం లేదు." మళ్ళీ ఆ కారెక్కలేదు.

చప్పుడు విని తప్పుకునే జనం ఉన్నచోట చప్పుడు చేయని పరుగుకు అనుమతి ఇవ్వరాదనీ, ఇవ్వక తప్పకపోతే పరిశీలకుడు ప్రతిసారీ రోడ్డు పొడవునా వెళ్ళి చూశాకే ఖాళీ అనాలనీ నా నివేదికలో రాశాను. ఆ డ్యూటీలో నేను నేర్చుకున్నది అదే. ఉద్యోగమంతా బ్రేకు ఇన్‌స్పెక్టరు అనిపించుకున్నవాణ్ణి. ఆ బ్రేకు పడినప్పుడు ఆ పెడలుకు బారెడు దూరంలో కూర్చున్నాను. దాన్ని ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పలేను.