సరిహద్దు మీద బట్టలుతికాను

రాసుకో అమ్మీ. నేను చెప్పింది చెప్పినట్టు ఫోనులో కొట్టు. నడుమ నీ తెలివి కలపకు.

రాష్ట్రాల హద్దులు మార్చాలంటే ఢిల్లీలో పార్లమెంటు కూర్చోవాలని మొన్న నీ పుస్తకం చదివి వినిపించావు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వితే దగ్గొచ్చిందనుకుని నీళ్లు తెచ్చావు. దగ్గు కాదు తల్లీ. పార్లమెంటుకు చెప్పకుండా, ఒక జత ఎడ్లతో, అన్నం వేళ దాటకుండా ఆంధ్రాని ఒడిశాలోకి జరిపేసిన మనిషిని నేను. ఆ జరపడంలో నా సొంత చెల్లెలికి నెత్తి మీద కప్పు లేకుండా చేయబోయాను.

అప్పటికి నీకు పాలపళ్లు. మీ తాతయ్య కొరాపుట్ మున్సిపాలిటీలో నీళ్ల పంపు చూసేవారు. నా చెల్లెలు పైడమ్మ బంధుగాం అవతల ఒక ఊళ్లో చిట్టచివరి ఇంట్లో ఉండేది. ఊరి చివరంటే ఒడిశాకే చివర. దాని పొలం గట్టు దాటితే ఆంధ్రా. ఏళ్ల తరబడి పూరింట్లో తడిశాక, ఒడిశా సర్కారు దానికి పక్కా ఇల్లు మంజూరు చేసింది. గోడలు లేచాయి. ఆఖరి విడత సొమ్ము వస్తే వానల్లోగా కప్పు పడుతుంది. సాయం చేద్దామని వెళ్లాను. పట్నందాన్ని కదా, బట్టలకన్నా సలహాలే ఎక్కువ మోసుకెళ్లాను.

వెళ్లగానే బోరింగు దగ్గర వాళ్ల ఉతుకుడు బండ చూశాను. పగిలిపోయి, ముసలి నోట్లో పన్నులా ఊగుతోంది. దాని మీద నా కోక ఉతికితే గోనెగుడ్డ అయిపోతుందని ఆ రోజంతా సణిగాను. మర్నాడు పైడమ్మ సంతకు పోయింది. నేను గట్టు మీద తిరుగుతుంటే కనబడింది: నలుపలకలుగా చెక్కిన రాయి, నాచు పట్టి, పక్కకు వాలి, నా కోసమే కాచుకున్నట్టు.

గట్టు అవతల సింహాచలం ఎడ్లు మేపుతోంది. ఆవిడది ఆంధ్రా వైపు ఊరు.

"ఈ రాయి ఎవల్దే?" అన్నాను.

"ఏమో వొదినా. మా అత్త బతికున్నన్నాళ్లూ దాని మీద కూకొని అడ్డసుట్ట కాల్సేది. ఇప్పుడెవలూ కూకోట్లేదు."

"కూకోనప్పుడు దానికిక్కడేటి పని? నీ ఎడ్లోసారి ఇటు తోలు."

తోలింది. నేను గునపంతో పెకలించాను, ఆవిడ తాడు కట్టింది. చూశావా, అది రెండు రాష్ట్రాలూ కలిసి చేసిన పని. రాయిని ఇంటి ముందరి గట్టు మీంచి ఈడ్చుకొచ్చి, వెనకాల బోరింగు దగ్గర వాలుగా పెట్టి, ఇంటి పనిలో మిగిలిన సిమెంటుతో బిగించేశాను. గట్టు మీద మిగిలిన గొయ్యి మాత్రం ఎందుకు వృథా కావాలి? మట్టి కప్పి బూడిద గుమ్మడి గింజ పెట్టాను. గృహప్రవేశానికి గుమ్మంలో కట్టే కాయ కొనక్కర్లేదు కదా. నా ముందుచూపు అలాంటిది.

పైడమ్మ వచ్చి చూసి, "గట్టు మీద రాయి కాదేటప్పా ఇది?" అంది.

"అక్కడ ఊరికే పడున్నాది."

"పోన్లే. బండ మాత్రం బావుంది."

బావుండటమేమిటి, దాని మీద ఉతికితే బట్టలు పెళ్లికి సిద్ధమైనట్టుండేవి. నాచు పోయేదాకా రోజూ పీచుతో రుద్దాను కూడా.

గుమ్మడి గింజ రెండాకులు వేసిన రోజున రెండు జీపులొచ్చాయి. ఒకదాంట్లో ఒడిశా అమీను, అంటే వాళ్ల సర్వేయరు; ఒకదాంట్లో ఆంధ్రా సర్వేయరు. ఇద్దరూ కలిసి కొలత యంత్రంతో హద్దు రాళ్లు సరిచూస్తున్నారు. మన గట్టు మీద ఉండాల్సిన రాయి లేదు. వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వచ్చారు. అప్పుడు నేను సరిహద్దు మీద నా కోక బాదుతున్నాను.

ఆంధ్రా సర్వేయరు వంగి, రాతి మీది అంకెలు తడిమి, "ఇదే రాయండీ" అన్నాడు. "ఇది ఇక్కడుంటే ఈ ఇల్లు మా వైపు."

"యంత్రం పొలం గట్టు సూపిస్తోంది," అన్నాడు అమీను, తనకొచ్చిన తెలుగులో.

"యంత్రం పొరపాటు పడొచ్చు. ఇంత గట్టిగా పాతిన రాయి ఎక్కడికి పోతుందండీ? తన్నినా కదలట్లేదు."

నా సిమెంటు పనికి జీవితంలో దక్కిన మెప్పు అదొక్కటే.

అమీను టోపీ తీసి తల గోక్కున్నాడు. "అయితే ఈ ఇంటికి మా మంజూరు నడవదు. ఆపేయాలి."

పైడమ్మ కప్పులేని గుమ్మంలో కూలబడింది. నా వైపు ఒక్కసారి చూసింది. ఒక్క మాట అంటే దాని ఇల్లు దానికొచ్చేస్తుంది. అనలేదు. అక్కను పోలీసులు పట్టుకుపోతారని పెదవులు బిగించుకుని కూర్చుంది, పిచ్చిది. ఆ మొహం చూశాక నా కాళ్లు వాటంతటవే నడిచాయి.

"బాబూ, ఇల్లెక్కడికీ ఎల్లలేదు," అన్నాను. "రాయే వచ్చింది."

"ఎవరు తెచ్చారు?"

"నానే. నన్ను జైల్లో పెట్టుకోండి, దాని కప్పు మాత్రం ఆపకండి. ఎడ్లకీ, సింహాచలానికీ ఏ పాపం తెలీదు."

ఇద్దరు ఆఫీసర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఉతుక్కోడానికా?" అన్నాడు ఆంధ్రా ఆయన. నేను తలూపాను. ముందు ఆయనే నవ్వాడు.

గట్టు దగ్గరికి తీసుకెళ్లి గుమ్మడి మొక్క చూపించాను. పక్కన తవ్వితే, పాతకాలంలో హద్దుకు గుర్తుగా రాయి కింద కూరిన బొగ్గూ పెంకులూ బయటపడ్డాయి. యంత్రమూ అక్కడే అంది. అమీను ఊపిరి పీల్చుకుని, "మావుసీ, ఏ రాయి మీదా అంకెలు తెలియట్లేదు. మీ రాయే సుబ్బరంగా ఉంది. మిగతావి కూడా ఉతుకుతారా?" అన్నాడు.

శిక్షేమిటంటే, తెచ్చినదాన్ని తెచ్చినచోట పెట్టడం. పాతడం మాత్రం వాళ్లే దగ్గరుండి చూసుకున్నారు, నా మీద అంత నమ్మకం. కబురందుకుని తాతయ్య కొరాపుట్ నుంచి వచ్చి, నా సిమెంటు పగలగొట్టలేక రెండు సమ్మెట పిడులు విరగ్గొట్టారు. "పంపులు బాగుసేసాను, గొట్టాలు బాగుసేసాను. పెళ్లాం పాడుసేసిన రాష్ట్రాన్ని బాగుసేస్తానని అనుకోలేదు," అని ఊరంతా వినేలా అన్నారు.

వానలకు ముందే కప్పు పడింది. గుమ్మడి మొక్కను రాయి పక్కనే నాటితే, దానికి హద్దులేం తెలుసు, తీగ గట్టు దిగి ఆంధ్రాలోకి పాకి అక్కడ కాసింది. గృహప్రవేశం నాడు సింహాచలం ఆ కాయ నెత్తిన పెట్టుకుని వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"మా రాష్ట్రం కాయ వొదినా ఇది. ఊరికినే ఇయ్యను."

"ఏటి కావాలే?"

"మీ పాత బండ. మా బోరింగు కాడ ఏసుకుంటాను."

ఇచ్చేశాం. ఆ పగిలిన బండ మాత్రమే న్యాయంగా హద్దు దాటింది.

కాబట్టి అమ్మీ, నేను ప్రమాణం చేస్తున్నానని పెద్ద అక్షరాల్లో రాయి. నా కంఠంలో ప్రాణముండగా, పచ్చడి నూరే రాయైనా సరే, నీది ఏ రాష్ట్రమని అడక్కుండా చెయ్యి వెయ్యను. రాశావా? అయితే లే. ఆ రుబ్బురోలు కాస్త ఇటు జరుపు. నువ్వే జరుపు, నేను ముట్టుకోను.