ముందు నడిచే హక్కు

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషికి ఈ లోకంలో ఎవరన్నా లెక్క లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మేడల పైకప్పుల మీదా, మోటారు గదుల్లోనూ బతికినవాడు. అంత ఎత్తు నుంచి చూస్తే జనమంటే కదిలే నడినెత్తులే. ఒకసారి నొక్కితే వచ్చే లిఫ్టు కోసం బటన్ పదిసార్లు నొక్కేవాళ్ళు, తలుపు మధ్య కాలు అడ్డంపెట్టి పక్కింటావిడతో కబుర్లు చెప్పేవాళ్ళు, లిఫ్టు ఆగితే లోపలి నుంచి ఆయన్ను బండబూతులు తిట్టి తలుపు తెరవగానే "చాలా థాంక్సండీ" అని పళ్ళికిలించేవాళ్ళు. వీళ్ళందరినీ చూసి చూసి, మనుషుల మీద ఆయనకున్న కాస్త గౌరవమూ ఏనాడో గ్రీజులో కలిసిపోయింది. అందరూ ఆయన్ను లిఫ్టాయన అంటారు. ఆ పిలుపు కూడా ఆయనకు నచ్చదు.

ఇలాంటి మనిషికి పిట్టల పిచ్చి అంటించింది బావగారు. అంటే భార్యకు అన్నగారు, పళ్ళ డాక్టరు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఖరీదైన బైనాక్యులర్ ఒకటి కొనుక్కుని, పాతది చెల్లెలి మొగుడి చేతిలో పెట్టాడు.

"మేడలెక్కుతుంటారు కదా బావగారూ, మీకిది చాలు."

ఆ "చాలు" అన్న మాట లిఫ్టాయనకు ఇప్పటికీ అరగలేదు. వరసకు ఒకరికొకరు బావలే కాబట్టి ఇద్దరూ "బావగారూ" అనే పిలుచుకుంటారు. చివర ఉన్న ఆ "గారూ"ని మాత్రం ఇద్దరూ నమిలి ఉమ్మినట్టు అంటారు. పాత బైనాక్యులర్‌కి ఎడమ కన్ను మసక. అయినా సరే, దానితోనే చూసి వాడి గాలి తీస్తానని లిఫ్టాయన మొదటిరోజే అనుకున్నాడు. పక్షుల మీద ప్రేమేమో అనుకునేరు! ప్రేమా లేదు, దోమా లేదు. బావగారి పొగరు అణచడానికి దొరికిన పనిముట్లు అవి, అంతే.

ఆదివారాలు తెల్లారగట్ల ఊరి చివర చెరువు దగ్గర కలిసే ముఠా ఒకటుంది. దానికి పెద్ద దిక్కు, రిటైరైన పెద్ద టీచరమ్మ. ఆవిడ పక్షుల్ని కూడా హాజరు పిలిచినట్టే చూస్తుంది. వచ్చింది, రాలేదు, అంతకుమించి వాటితో ఆవిడకు పనిలేదు. ఫోటో స్టూడియో ఆయన మరొకడు. కళ్ళెదుట కొమ్మ మీద పిట్ట గొంతు చించుకుంటున్నా దాన్ని చూడడు, కెమెరా వెనక ఉన్న బుల్లి తెరలోనే చూస్తాడు. ఇక పళ్ళ డాక్టరు జేబులో ఫోన్ పెట్టుకుని, అందులోంచి పిట్టకూతలు వినిపించి, జోడీ కోసం ఆశపడి వచ్చిన పిచ్చి పక్షి పేరు రాసుకుంటాడు. "చాక్లెట్ చూపించి పిల్లాడి పన్ను పీకే రకం కదా, పిట్టల దగ్గర మాత్రం మారతాడా?" అని లిఫ్టాయన ఇంట్లో భార్య వినేలా అనేవాడు. తను మాత్రం ఏనాడూ కూత పెట్టలేదు, రాయి విసరలేదు, చూడనిది చూశానని చెప్పలేదు. ఆ నిజాయితీని ఇస్త్రీ చొక్కాలా నలగకుండా తొడుక్కుని తిరిగేవాడు.

వీళ్ళ పందెం సంగతి వింటే నవ్వొస్తుంది. ఏడాది మొదటి రోజున అందరి లెక్కా సున్నా. నిన్నటిదాకా చూసిన కాకి చెల్లదు, మళ్ళీ కొత్తగా చూడాలి. అంత వయసొచ్చిన టీచరమ్మ ఆ పొద్దున వంటింటి కిటికీలోంచి కాకిని చూసి, "మొదటిది!" అని చంకలు గుద్దుకుంటుంది. ఏడాది పొడుగునా ఎవరు ఎన్ని రకాలు చూశారో ఆఖరి ఆదివారం ఆవిడ ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర తేల్చుకుంటారు. అరుదైన పక్షి అయితే ముఠాలో ఇంకొకరు కూడా చూడాలి. ఒంటరిగా చూసింది చెల్లదు. సాక్షిగా వచ్చి చూసినవాడి లెక్కలో మాత్రం అది చేరదు, మొదట కనిపెట్టినవాడిదే.

గెలిచినవాడికి కప్పూ లేదు, శాలువా లేదు. వచ్చే ఏడాదంతా చెరువు గట్టు మీద ముందు నడిచే హక్కు ఒక్కటే. గట్టు ఇరుకు, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ముందున్నవాడికి పిట్ట కనిపిస్తుంది, వెనకున్నవాళ్ళకు అది ఎగిరిపోయిన కొమ్మ కనిపిస్తుంది. అంటే గెలిచినవాడు ముందు నడుస్తాడు, ముందు నడిచినవాడు ఎక్కువ చూస్తాడు, ఎక్కువ చూసినవాడు మళ్ళీ గెలుస్తాడు. ఇంత అన్యాయమైన పందెం పెట్టుకుని దాన్ని సరదా అనుకునే బుద్ధిమంతులు వాళ్ళు. పళ్ళ డాక్టరు ఏళ్ళ తరబడి ముందు నడుస్తూనే ఉన్నాడు. లిఫ్టాయన ఏళ్ళ తరబడి ఆయన వీపు చూస్తూనే ఉన్నాడు. ఆకుపచ్చ కోటు, నడుముకు వేలాడే నీళ్ళసీసా, మెడ వెనక మడతపడిన కొవ్వు. ప్రపంచంలో ఏ పక్షినీ ఆయన అంత శ్రద్ధగా చూడలేదు.

"ఇద్దరూ కలిసి చూస్తే పిట్టేమన్నా అరిగిపోతుందా?" అనేది భార్య.

"నీకు తెలీదులే. మీ అన్నయ్య వీపు వెనక నువ్వు నడిచావా?"

"చిన్నప్పుడు బడికి వాడి వెనకే నడిచాను. నాకేం కాలేదు."

ఆవిడతో మాట్లాడి ప్రయోజనం లేదని ఆయన లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడాది మాత్రం లిఫ్టాయన దశ తిరిగింది. ఏ మేడ ఎక్కినా ఏదో ఒకటి కనిపించింది. నీళ్ళ ట్యాంకు మీద డేగ, యాంటెన్నా తీగ మీద చలికాలానికి వలస వచ్చిన పిట్ట. డిసెంబరు చివరి వారానికి ఇద్దరి లెక్కా సమానమైంది. ఇంకొక్కటి, ఒకే ఒక్కటి దొరికితే వచ్చే ఏడాది గట్టు మీద తను ముందు, బావగారు వెనక. ఆ ఊహకే ఆయనకు అన్నం సయించడం మానేసింది. సమానంగా ఆగితే మాత్రం పాతవాడిదే హక్కు, అది టీచరమ్మ పెట్టిన మరో దిక్కుమాలిన నియమం.

ఆ వారంలోనే తొమ్మిదంతస్తుల పాత మేడలో సర్వీసు పడింది. ఆ మేడవాళ్ళంత పిసినిగొట్లు ఎక్కడా ఉండరు. మోటారు గదిలో స్విచ్చి కాలిపోయి ఎన్నాళ్ళయినా మార్పించలేదు, కింద మీటర్ల గదిలో మెయిన్ తీసి మెట్లెక్కి వెళ్ళాల్సిందే. లిఫ్టాయన మెయిన్ తీసి, "పని జరుగుతోంది" అన్న బోర్డు తగిలించి, తిట్టుకుంటూ పైకెక్కాడు. మోటారు పక్కన తాళ్ళు చుట్టుకుని తిరిగే పెద్ద చక్రానికి ఇనుప జాలీ మూత ఉంటుంది. గ్రీజు పెట్టడానికి దాన్ని విప్పి గోడకు ఆనించాడు. అప్పుడు తలెత్తితే, దూలం మీద అది కూర్చుని ఉంది.

తెల్ల గుడ్లగూబ. కోసిన ఆపిల్ ముక్కలాంటి ముఖం, మూసిన కళ్ళు, ఒంటికాలి మీద నిద్ర. ఆ ఊళ్ళో దాన్ని చూశామని పెద్దవాళ్ళు చెప్పుకోవడమే కానీ ముఠాలో ఎవరూ చూసింది లేదు. లిఫ్టాయన ఊపిరి బిగబట్టాడు. ఎంత అందంగా ఉందో అనుకోలేదు. బావగారి వీపు ఇక చూడక్కర్లేదు అనుకున్నాడు.

కానీ రెండో మనిషి చూడాలి. టీచరమ్మ కూతురింటికి వెళ్ళింది. స్టూడియో ఆయన పెళ్ళి ఫోటోలకు పొరుగూరు వెళ్ళాడు. ఇక మిగిలింది ఎవరు? లిఫ్టాయన పళ్ళు కొరుక్కుంటూ పళ్ళ డాక్టరుకే ఫోన్ చేశాడు.

"తెల్ల గుడ్లగూబా? కల గానీ వచ్చిందా బావగారూ?"

"వచ్చి చూస్తే తెలుస్తుంది."

"పేషెంటు నోట్లో చెయ్యుంది. అయ్యాక వస్తా. దాన్ని కదలకుండా చూడండి."

కావాలనే ఆలస్యం చేస్తాడని లిఫ్టాయనకు తెలుసు. ఈలోగా ఇది లేచి వెంటిలేటర్ లోంచి ఎగిరిపోతే? మూల పడి ఉన్న అట్టపెట్టె చింపి, ఆ సందుకు అడ్డంపెట్టి, టేపు అంటించాడు. గుడ్లగూబ ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. కూత పెట్టి పిలవడం మోసం కానీ, తలుపేసి ఉంచడం మోసం కాదని ఆయన బుర్రలో అప్పటికప్పుడే తీర్పు వచ్చేసింది. గది తాళం వేసి కిందికి దిగి, గేటు దగ్గర కాపలా కుక్కలా నిలబడ్డాడు. పాలప్యాకెట్లతో, పసిపిల్లలతో మెట్లెక్కే జనం దారిపొడుగునా ఆయన్ను తిట్టుకుంటూ పోయారు. ఆయన చెవిన పెట్టలేదు.

పళ్ళ డాక్టరు మధ్యాహ్నం దాటాక తీరిగ్గా కారు దిగాడు. ఆకుపచ్చ కోటు, మెడలో ఖరీదైన బైనాక్యులర్. బోర్డు చూసి ఆగిపోయాడు.

"తొమ్మిదంతస్తులు నడవాలా? నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు కదా."

"నెమ్మదిగా ఎక్కుదాం బావగారూ. నేను చెయ్యి పట్టుకుంటా."

"లిఫ్టు బాగుచేసేవాళ్ళే లిఫ్టు లేదంటే ఎలా? వేయండి. లేదంటే చెప్పండి, పోతాను. ఇంకో పేషెంటున్నాడు."

పైన జాలీ మూత గోడకు ఆనించి ఉంది. చక్రం బోడిగా ఉంది. మూత బిగించకుండా మెయిన్ వేయకూడదని తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ మొట్టికాయలు వేసి మరీ చెప్పిన మనిషి ఆయన. ఆ మాట మరిచి వేలు పోగొట్టుకున్న ఓ తోటివాణ్ణి "తెలివితక్కువ వెధవ" అని ఇప్పటికీ అంటుంటాడు. పైకెళ్ళి మూత పెట్టి వస్తానంటే బావగారు ఆగడు. ఆగడని తెలుస్తూనే ఉంది, కారు తాళాలు చేతిలో ఆడిస్తున్నాడు. లిఫ్టాయన మీటర్ల గదిలోకి వెళ్ళి మెయిన్ వేశాడు.

లిఫ్టు బయల్దేరింది. పళ్ళ డాక్టరు అద్దంలో జుట్టు సర్దుకుంటూ, ముందు నడవడమంటే ఎంత బాధ్యతో, వెనకవాళ్ళను ఎలా కనిపెట్టుకుని ఉండాలో పాఠం మొదలుపెట్టాడు. లిఫ్టాయన ఒక్క ముక్క వినలేదు. సగం దారిలో పైనుంచి తాడు చిన్నగా వణికింది. గొంతులో వెంట్రుక అడ్డం పడ్డట్టు ఒక్క క్షణం, అంతే. లిఫ్టు ఆగలేదు. పక్కనున్న మనిషికి తెలియను కూడా లేదు. ఏ లిఫ్టు ఎందుకు వణుకుతుందో తెలిసిన లిఫ్టాయన మాత్రం తలెత్తి లిఫ్టు కప్పుకేసి చూశాడు.

తాళం తీసేసరికి గదినిండా తెల్లటి ఈకలు తేలుతున్నాయి. మోటారు చప్పుడుకు బెదిరి లేచింది కాబోలు, అట్ట మీద గోళ్ళతో గీరిన గీతలున్నాయి. అక్కడ దారి లేక వెనక్కి తిరిగి చక్రంలో పడింది. ఇప్పుడు నేల మీద, గ్రీజు డబ్బా పక్కన, ఒక రెక్క చిత్రంగా పైకి మడిచి పడి ఉంది. పొట్ట ఎగసిపడుతోంది. లిఫ్టాయన బావగారి వైపు చూశాడు. పళ్ళ డాక్టరైనా డాక్టరే కదా, ఏదన్నా చేస్తాడేమో అన్నట్టు ఆశగా చూశాడు.

పళ్ళ డాక్టరు బైనాక్యులర్ ఎత్తాడు. కాళ్ళ దగ్గర పడి ఉన్న పక్షిని బైనాక్యులర్లోంచి చూశాడు. అలవాటు మరి! అంత దగ్గరవి అందులో కనిపించవని గుర్తొచ్చి దించేశాడు.

"బతికే ఉంది బావగారూ. నేను చూశాను. లెక్కలోకి వస్తుంది."

ఆ మాట పూర్తయ్యేసరికే పొట్ట కదలడం ఆగిపోయింది. పళ్ళ డాక్టరు వెంటిలేటర్ మీది అట్టను చూశాడు. గోడకు ఆనించిన జాలీ మూతను చూశాడు. టేపు ఊడదీసి, అట్టను బుద్ధిగా నాలుగు మడతలు పెట్టి తనే చంకలో పెట్టుకున్నాడు. అది దయో, పగో లిఫ్టాయనకు అంతుపట్టలేదు. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళ మాట ఎత్తకుండా తొమ్మిదంతస్తులూ మెట్ల మీదే దిగాడు.

ఆఖరి ఆదివారం టీచరమ్మ భోజనాల బల్ల దగ్గర అందరూ చేరారు. లిఫ్టాయన ఆ పక్షి పేరు ఎత్తకూడదనే వెళ్ళాడు. ఎత్తింది పళ్ళ డాక్టరు.

"మా బావగారు మీకు చెప్పలేదా? తెల్ల గుడ్లగూబ! సాక్షిని నేనే."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "అవునా? ఏం చేస్తోందప్పుడు?"

"దూలం మీద కూర్చుని నిద్రపోతోంది టీచరమ్మా. అంత ప్రశాంతమైన పక్షిని నేనెప్పుడూ చూళ్ళేదు."

అందరూ లిఫ్టాయన వైపు తిరిగారు. కాదు, చస్తోంది, నేనే చంపాను అని చెప్పడానికి వ్యవధి ఉంది. కావలసినంత ఉంది. టీచరమ్మ పెన్ను కోసం వెతుక్కుంది, మూత తీసింది, సిరా రాక విదిలించింది. అంతసేపూ ఆయనకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా బల్ల అవతల ఆ ఆకుపచ్చ కోటు కనిపిస్తూనే ఉంది.

ఆయన తలూపాడు. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది బావగారే.

కొత్త ఏడాది మొదటి ఆదివారం గట్టు మీద మంచు ఇంకా విడలేదు. లిఫ్టాయన అందరికంటే ముందున్నాడు. ఎదర దారంతా ఖాళీ, నీళ్ళంతా ఖాళీ, ఏళ్ళ తరబడి ఆయన కోరుకున్నదంతా అక్కడే ఉంది. వెనక అడుగు దూరంలో బావగారి బూట్ల చప్పుడు. ఆ మనిషి ఆ రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి కూడా చెప్పలేదు. చెప్పడు కూడా. తన వీపు మీద ఆ చూపు ఎలా ఆని ఉంటుందో లిఫ్టాయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాలుగు అడుగులు వేసి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"మీరు ముందు నడవండి బావగారూ."

పళ్ళ డాక్టరు ఆగాడు. వెనక టీచరమ్మ, స్టూడియో ఆయన కూడా ఆగారు. డాక్టరు నవ్వుతూ, అందరికీ వినపడేలా అన్నాడు.

"అదేం మాట? గెలిచింది మీరు. నడవండి."