చెప్పులు విడవమనే కాపలా బొమ్మ

మొన్న ఒక పాత మిత్రుడు ఫోన్‌లో మెసేజ్ పెట్టాడు. "అన్నా, మన ఆటల సమాధి కాపలా రాక్షసుని కాయితం ఉన్నదా? మా పిల్లలతోని ఆడుదామనుకుంటున్న." ఉంది. బీరువాలో, పాత కరెంటు బిల్లుల కింద. దాన్ని బయటికి తీస్తుంటేనే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

కొన్నేళ్ల కింద బాన్సువాడలో నేను కిరాయికున్న ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం చాప పరుచుకుని ఒక ఆట ఆడేవాళ్లం. ముగ్గురు వీరులవుతారు. నాలుగోవాడు కథ చెబుతూ వాళ్ల మీదికి రాక్షసులను వదులుతాడు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. నలభై దాటినవాళ్లం కత్తులనీ కోటలనీ కేకలు పెడుతుంటే, ఇంటి ఓనరమ్మ మాకేదో గాలి సోకిందనుకునేది. కథ చెప్పేవాణ్ని నేనే. ఒక రాణి సమాధికి కాపలాగా, మనుషులు చేసి నిలబెట్టిన బొమ్మ ఒకటి కావలసి వచ్చింది. బంకమట్టి, వరిపొట్టు, ఇనుప చువ్వలతో దాని ఒళ్లు ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకున్నాను గానీ దానికి ప్రాణం ఎలా పోయాలో తోచలేదు. అందుకని మా మేనమామను దొంగిలించాను.

మామది బీర్కూర్. అత్తమ్మ పోయాక, వాళ్ల ఆనవాయితీ ప్రకారం, సొంత చెరుకు తోట గట్టునే సమాధి చేశారు. ఆయన రోజూ దాని పక్కన కూర్చుని, చెరుకు కొట్టే కూలీ వచ్చినా సర్పంచ్ వచ్చినా, "చెప్పులిడ్సి రా" అనేవాడు. ఎడమకాలు ఈడ్చేవాడు. మాటకు ముందు రెండుసార్లు దగ్గేవాడు. ఆ కాలూ, ఆ దగ్గూ, ఆ మాటా అన్నీ నా బొమ్మకు తగిలించాను. మిత్రులు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు కోసం వారం వారం దగ్గు పెంచుకుంటూ పోయాను, సిగ్గులేకుండా.

ఒక ఆదివారం నేను గది మధ్యలో కాలీడ్చుకుంటూ, దగ్గి, "చెప్పులిడ్సి రా!" అని గర్జించి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మామ. బీపీ గోలీల కోసం బస్సెక్కి వచ్చాడట. చేతిలో బెల్లం సంచి. చెప్పులు బయటే విడిచి వచ్చాడు.

"ఏంది అల్లుడా గిది?" అన్నాడు.

ఆయనెవరో తెలియని మిత్రుడొకడు ఉత్సాహంగా ఆటంతా వివరించాడు. మామ శ్రద్ధగా విని, నావైపు తిరిగి అడిగాడు.

"మరి చెప్పులిడిస్తె పోనిస్తదా?"

నా కాగితంలో అలా లేదు. విడిచినా విడవకున్నా ఆ బొమ్మ చంపుతుంది. "లేదు మామా," అన్నాను.

"నేనైతె అందర్ని పోనిచ్చిన గదా."

అంతే అన్నాడు. బెల్లం సంచి గోడకు ఆనించి, చాయ్ కూడా తాగకుండా బస్టాండుకు వెళ్లిపోయాడు.

మరుసటి వారం బీర్కూర్ వెళ్లి, కావాలనే చెప్పులతో సమాధి దాకా నడిచాను, తిడితే నా తప్పు కొంతైనా తీరుతుందని. ఆయన నా కాళ్లవైపు చూశాడు. పక్కకు జరిగి, "కూసో అల్లుడా," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరినీ చెప్పులు విడవమనలేదు.

ఇవాళ ఆ కాగితం అడుగున ఒక వాక్యం చేర్చి మిత్రుడికి పంపాను: చెప్పులు విడిచినవాళ్లకు ఇది దారి ఇస్తుంది. రాయడానికి నిమిషం పట్టలేదు. ఇన్నేళ్లయినా బీర్కూర్ వెళ్లినప్పుడల్లా ఆ గట్టు దగ్గర చెప్పులతోనే కాసేపు నిలబడతాను, మామ మళ్లీ విడవమంటాడేమోనని.