ఎండబెట్టిన పుస్తకాలు

మొన్న మనవరాలు నా పక్కన కూర్చుని బొమ్మల పుస్తకం చదువుతూ, వేలు నాలుక మీద అద్దుకుని పేజీ తిప్పింది. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచి దాని చేతి మీద పడింది. పిల్ల బిత్తరపోయి నా వంక చూసింది. వంటింట్లోంచి కోడలు వచ్చి, "ఏందత్తయ్యా, పుస్తకం చదివినా కొడతారా?" అంది. ఏం చెప్పను? ఆ వేలి వెనక మా మామగారున్నారంటే ముసలిదానికి మతి పోయిందనుకుంటుంది. అక్కడ మింగిన మాట ఇక్కడ చెబుతాను.

నేను గురజాల కాపురానికి వచ్చేసరికి యుద్ధం నడుస్తోంది. మా ఆయనకు గుంటూరులో ఉద్యోగం, సెలవులకే ఇంటికి వచ్చేవారు. మా మామగారు వకీలు గుమాస్తా. ఇంట్లో ఏ గోడ చూసినా అలమర, ఏ అలమర చూసినా పుస్తకాలు. అలమరలు చాలక ధాన్యం పోసే గదిలోకి కూడా ఎక్కాయి. కోర్టు పని మీద నర్సరావుపేట వెళ్ళినా, గుంటూరు వెళ్ళినా ఆయన ఖాళీ సంచితో రైలెక్కి పుస్తకాలతో దిగేవారు. "సవతిని తెచ్చుకున్నా బాగుండేది, బిందెడు నీళ్ళన్నా మోసేది" అనేవారు మా అత్తగారు. పురుగు పట్టకుండా పుస్తకాల మధ్య వసకొమ్ములు పెట్టేవాళ్ళం. ఆ ఇంట్లో మా చీరలు, దుప్పట్లు, ఒక్కోసారి అన్నం కూడా వస వాసన కొట్టేవి. నాకు చదువు పెద్దగా రాదు. ఒకరోజు పప్పు పొట్లం విప్పి ఆ కాగితం మీది అక్షరాలు కూడబలుక్కుంటుంటే ఆయన చూశారు. మర్నాడు నీలం గుడ్డ అట్ట వేసిన ఒక లావు కథల పుస్తకం నా ముందు పెట్టి, "రోజుకొక పుట చదువు అమ్మాయ్. అర్థంకాకపోతే నన్నడుగు, అర్థమైతే నాకు చెప్పు" అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన చదివే పుస్తకాలు నేనూ చదివేదాన్ని. అత్తగారికి అది నచ్చేది కాదు గానీ, చదువుతూ చదువుతూ నేను పప్పు మాడ్చినప్పుడు తప్ప ఏమీ అనేవారు కాదు.

ఆయనకొక అలవాటుండేది. కోర్టు కట్టలు తిప్పీ తిప్పీ పట్టుబడింది. చూపుడు వేలు నాలుకకు అద్దుకోకుండా ఒక్క కాగితం తిప్పలేరు. ఆ ఇంట్లో ఏ పుస్తకం తీసినా పుట కింది మూలన వేలిముద్ర పాటి మసక మరక ఉండేది. అదే ఆయన సంతకం అని ఊళ్ళో ఎగతాళి చేసేవారు. అందరికీ అరువిచ్చేవారు, ఎవరూ తిరిగి ఇచ్చేవారు కాదు. యుద్ధంలో కాగితం కరువై కొత్త పుస్తకం కంటికి కనపడని రోజులవి. పఠనాలయం పెద్దాయన మూడుసార్లు వచ్చి, "గుమాస్తాగారూ, మీ తర్వాతన్నా ఇవి మాకివ్వండి" అని అడిగి పోయాడు.

ఆ మాఘమాసంలో మామగారికి దగ్గులో నెత్తురు పడింది. నర్సరావుపేట డాక్టరు చూసి క్షయ అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాటకు మందు లేదు. ఆయన రైలు దిగి ఇంటికొచ్చి, పెరట్లోనే నిలబడి సంగతి చెప్పి, కాళ్ళు చేతులు కడుక్కుని, వెనక వసారాలో మంచం వేయించుకున్నారు. నా కొడుక్కి అప్పుడు ఆరో నెల. ఆయన వాణ్ణి మళ్ళీ ఎత్తుకోలేదు, పుస్తకమూ ముట్టుకోలేదు. "నా ఎంగిలి అంతా వాటిల్లోనే ఉంది అమ్మాయ్" అన్నారు. నేను గడప ఇవతల నిలబడి చదివితే ఆయన అవతల పడుకుని వినేవారు.

ఆయన కోరిక ఒక్కటే. తను పోయేలోపల ఆ పుస్తకాలన్నీ విడిపోకుండా ఒక్క గడపకు చేరాలి, ఎవరో ఒకరు చదవాలి. దానం ఎంతసేపటి పనిలే అనుకున్నాం. పఠనాలయానికి కబురు పంపాం. పెద్దాయన వచ్చాడు గానీ అరుగెక్కలేదు. వీధిలోనే నిలబడి పై కండువా నోటికి అడ్డం పెట్టుకుని, "మా కాడ స్థలం లేదమ్మా" అన్నాడు. వారం తిరక్కుండా ఇంకో వింత జరిగింది. ఏళ్ళ తరబడి అడిగినా తిరిగిరాని పుస్తకాలన్నీ అడక్కుండానే వచ్చేశాయి. పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద కుప్పగా పడి ఉండేవి. కొన్నిటిని కర్రతో నెట్టి పోయారని అరుగు మీది దుమ్ము చారలు చూస్తే తెలిసేది. మామగారు వాటిని చూసి, "ఊళ్ళో ఇంత మంది నిజాయితీపరులున్నారని ఇన్నాళ్ళూ తెలియలేదు" అని నవ్వబోయి దగ్గులో పడ్డారు. నాకు ఊరి మీద ఎంత ఒళ్ళు మండిందో, ఈనాటికీ చల్లారలేదు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. "ఏందయ్యా నీ పంతం? పసోడు పాకే ఇంట్లో ఇంత విషం పెట్టుకుని కూచుంటామా? అయ్యన్నీ నీళ్ళపొయ్యిలో పెడతా" అన్నారు. ఆమెను తప్పుపట్టలేను. ఆ బిడ్డ నా బిడ్డే, ఆ భయం నాకూ ఉంది. మామగారు బతిమాలుకున్నారు. మండే ఎండకు ఈ జబ్బు పురుగు చస్తుందని డాక్టరు అన్నాడట. ఎండలు మనకేం కరువా, ఎండబెట్టి చూద్దాం అన్నారు. తొలకరి పడేదాకా గడువు ఇచ్చారు అత్తగారు. ఆ తర్వాత ఎవరి మాటా వినేది లేదన్నారు.

పల్నాటి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పేదేముంది. మా పెరడంతా నాపరాళ్ళు పరిచి ఉండేది. పొద్దు బారెడెక్కేసరికే కాలు పెడితే కాలేది. ఆ రాళ్ళ మీద పుస్తకాలు వరసగా విప్పి, గాలికి మూసుకోకుండా పలుగురాళ్ళు పెట్టి, వేపపుల్లతో ఒక్కో పుట తిప్పేదాన్ని. ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోయేసరికి మొదటి పుస్తకానికి మళ్ళీ పుట తిప్పే వేళయ్యేది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కాగితాలు అప్పడాల్లా పెళుసెక్కాయి, అట్టల జిగురు పగిలింది. ఆయన వసారాలోంచి చూస్తూ, "ఆ మూడో వరసలో ఎర్ర అట్టది, అది మెల్లగా తిప్పమ్మా" అనేవారు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. ఎండబెట్టామని కనపడినవాళ్ళందరికీ చెప్పాం. ఒక్క మనిషి రాలేదు.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. అత్తగారు లోపల్నించి కిరసనాయిలు సీసా తెచ్చారు. రేషను నూనె. నాలుగు రోజులుగా చీకటి పడకముందే అన్నాలు పెట్టి, దీపం లేకుండా ఎందుకు పడుకోమంటున్నారో అప్పుడు అర్థమైంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "వదలవే, నీ కొడుకు కోసమే" అంటున్నారు, ఏడుస్తున్నారు. మామగారు మంచం మీద లేచి కూర్చున్నారు. "అమ్మాయ్, నువ్వు అంటించు. ఆమె చేత ఆ పని చేయించొద్దు. జన్మంతా నన్ను తిట్టిన మనిషి, తర్వాత తనని తాను తిట్టుకుంటుంది" అన్నారు. సీసా నా చేతికొచ్చింది. మూత తీయడానికి చేతులు రాలేదు.

అంతలో పెరటి దడి దగ్గర బండ్లు ఆగాయి. దాచేపల్లి అవతల రాతి గనుల మేస్త్రి, కూలివాళ్ళ తరఫున అర్జీ రాయించుకుందామని వచ్చాడు. ఊళ్ళో రాయి దింపిన బండ్లు రెండు ఖాళీగా తిరిగిపోతూ అతని వెంట ఉన్నాయి. పెరట్లో ఆ పుస్తకాలు, నా చేతిలో సీసా చూసి నిలబడిపోయాడు. మామగారు ఏమీ దాచలేదు. జబ్బు పేరు చెప్పారు, వేలి అలవాటు చెప్పారు, ఎండబెట్టిన సంగతి చెప్పారు. "ముట్టుకోకు, దూరంగా నిలబడు" అన్నారు.

మేస్త్రి దడి దాటి లోపలికి వచ్చాడు. "గుమాస్తాగారూ, మా కాడ దగ్గనోడు ఎవడండీ? రాతిదుమ్ము తినీ తినీ నలభై ఏళ్ళకే పోతున్నాం. పుస్తకం వచ్చి కొత్తగా చంపేదేంది?" అన్నాడు.

"చదివేవాళ్ళున్నారా?" అని అడిగారు మామగారు.

"చదివేటోళ్ళు ఇద్దరే. ఇనేటోళ్ళు చానా మందిమి ఉన్నాం."

మామగారు మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రీ, బండ్లవాళ్ళూ ఎత్తడం మొదలుపెట్టారు. చినుకులు పడుతుంటే అత్తగారే ఇంట్లోంచి దుప్పట్లు తెచ్చి పుస్తకాల మీద కప్పారు. రెండో బండి నిండుతుండగా నేను నీలం అట్ట పుస్తకాన్ని కొంగు చాటున లోపలికి తీసుకుపోయి నా పెట్టెలో చీరల కింద పెట్టాను. బయటికి రాగానే ఆయన, "ఒకటి తక్కువైంది అమ్మాయ్" అన్నారు. అన్నీ ఎక్కాయన్నాను. "నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు" అన్నారు. నా జన్మలో ఆయన నన్ను కష్టపెట్టిన మాట అదొక్కటే. తెచ్చి ఇచ్చాను. నాలుగు నెలలుగా పుస్తకం ముట్టని మనిషి దాన్ని రెండు చేతులతో అందుకుని, ఒకసారి అట్ట నిమిరి, మేస్త్రి చేతిలో పెట్టారు.

మర్నాడు అత్తగారు ఖాళీ అలమరల్లో ఊరగాయ జాడీలు సర్ది, వాటి ముందు కూర్చుని బావురుమన్నారు. శ్రావణంలో మామగారు పోయారు. అప్పటిదాకా గనుల వైపు నుంచి ఎవరు బండి మీద వచ్చినా, "చదువుతున్నారా?" అని అడిగించేవారు.

చాలా ఏళ్ళ తర్వాత, ఆ జబ్బుకు సూదిమందు ఊరూరా వచ్చాక, ఒక డాక్టరును అడిగాను. పుస్తకాల వల్ల అది రాదమ్మా, దగ్గు తుంపర్ల వల్ల గాలిలో వస్తుంది అన్నాడు. ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించిన అత్తగారి గురించి ఎవరూ భయపడలేదు, పుస్తకాలకు భయపడ్డాం. నా పెట్టెలో ఆ ఒక్కటి ఉండిపోయినా ఏమీ అయ్యేది కాదన్నమాట. ఆ పూట నేను అన్నం తినలేదు.

మొన్న నేను కొట్టిన సాయంత్రమే మనవరాలు అలక మాని మళ్ళీ నా పక్కకొచ్చి పుస్తకం విప్పింది. పుట చివరికొచ్చి, నా వంక బెదురుగా చూసి వేలు దాచుకుంది. "తిప్పుకో తల్లీ" అన్నాను. అది వేలు నాలుకకు అద్దుకుని తిప్పింది. కింది మూలన చిన్న తడి మచ్చ పడి, నేను చూస్తుండగానే ఆరిపోయింది. అది ఆరడానికి అంతసేపే పడుతుందని తెలుసుకోవడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.