కోవిల్‌పట్టి కొలిమిలో పెరిగిన పూత

"అక్కా, ఈసారీ పూత పగిలిపోయినాది. గైడు సారు ఇంక వద్దంటా ఉండారు" అని కస్తూరి ఫోన్ చేసినప్పుడే నా ప్రయాణం ఖాయమైంది. ఆమె కోవిల్‌పట్టిలో ఒక కాలేజీ అధ్యాపకురాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. శరీరంలో అమర్చే టైటానియం ముక్కల మీద ఎముకలాంటి సెరామిక్ పూతను పెంచడం ఆమె పీహెచ్‌డీ పరిశోధన. బిడ్డ పుట్టాక మానేసి, మళ్లీ మొదలుపెట్టింది. ఆమెకు కావలసిన ద్రావణాన్ని హైదరాబాదులో మా ప్రయోగశాలలో తయారుచేశాను. వేడి తగిలితే అది జావలా చిక్కబడిపోతుంది. సీసా చుట్టూ ఐస్ నింపి, ఫ్లాస్కులో పెట్టుకుని సాయంత్రం రైలెక్కాను.

మర్నాడు మదురైలో దిగి తిరునెల్వేలి బండి పట్టుకున్నాను. విరుదునగర్ వచ్చేసరికి ఐస్ కరిగిపోయింది. నా కంగారు చూసి, కడంబూరు వెళ్తున్న పెద్దావిడ, "ఏముండాదమ్మా దాంట్లో? మందా?" అని తెలుగులోనే అడిగింది.

"అలాంటిదేనమ్మా, చల్లగా ఉండాలి."

ఆమె కిటికీలోంచి పళ్లరసం అమ్మేవాణ్ణి తమిళంలో కేకేసి ఫ్లాస్కు నిండా ఐస్ వేయించింది. "ఎవురికైనా బాగైతే చాలు" అంది.

ఆ సాయంత్రమే కోవిల్‌పట్టి కాలేజీలో కస్తూరీ నేనూ ముక్కల్ని ద్రావణంలో ముంచి, మెల్లగా పైకి తీసి, ఆరబెట్టి కరెంటు కొలిమిలో పెట్టాం. తడిపొర వేడికి గట్టిపడి, ఇంకా కాగితే స్ఫటికాలు కడుతుంది. "అవసరపడకూడదు అక్కా" అంది. వాళ్ల తెలుగులో అవసరమంటే తొందర.

ఇంతలో కరెంటు పోయింది. తిరిగొచ్చాక కొలిమి ఒక్కసారిగా వేడెక్కిపోయింది. తీసి చూస్తే ముక్కల మీది పూత నిండా పగుళ్లు.

"ఇంతే అక్కా. నాకు రాసిపెట్టలేదు."

సీసాలో ఇంకో రెండు ముక్కలకు సరిపడా ద్రావణం ఉంది. "మీ కాలేజీలో జనరేటర్ లేదా?" అన్నాను.

"ఉండాది. అడిగేకి భయం."

తెల్లవారాక తనే ప్రిన్సిపాల్ ఇంటికి వెళ్లి అడిగింది. ఆయన వెంటనే కొలిమిని జనరేటర్ లైనుకు కలిపించారు. సాయంత్రానికి రెండు ముక్కలూ పగుళ్లు లేకుండా బయటికొచ్చాయి.

మరుసటి ఉదయం బస్సులో విరుదునగర్ వెళ్లాం. పూత స్ఫటికంగా మారిందో లేదో చెప్పే ఎక్స్‌రే యంత్రం అక్కడి కాలేజీలో ఉంది. కస్తూరి టిఫిన్ ముట్టలేదు. తెరమీద చదునుగా సాగుతున్న గీత ఉన్నట్టుండి నిటారుగా లేచింది. పక్కనే ఇంకొకటి. స్ఫటికాలు కట్టాయి! ఆమె చున్నీతో ముఖం కప్పుకుంది. తర్వాత నూనెలో వేయించిన పరోటాలు నాకంటే ఎక్కువే తింది.

సాయంత్రం అక్కడే మదురై బండెక్కాను. ప్లాట్‌ఫారం మీద తమిళంలో ఫోన్ మాట్లాడుతున్న కస్తూరి కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "గైడు సారు థీసిస్ రాయమన్నారు అక్కా!"

నల్లరేగడి నేలలు వెనక్కి సాగిపోయాయి. అంత దూరం వెళ్లీ కోవిల్‌పట్టి దగ్గరి కళుగుమలై గుడి చూడలేదు. అటు వెళ్లేవారు తప్పక చూడండి. నాకు మాత్రం ఆ కిటికీ దగ్గర కస్తూరి ముఖం చాలు.